ఫీనిక్స్ నిలబడేది చేతిపని తెలిసినవాళ్ళ మీద

సంపాదకులు గారికి నమస్కారములు.

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఎడారి మధ్యన శరవేగంగా పెరుగుతున్న ఫీనిక్స్ నగరం సాంకేతిక ఉద్యోగాలకు పెద్ద కేంద్రం కాగలదా అన్న విషయం మీద మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో ఉంటూ తెలుగు పత్రిక తెప్పించుకుని చదివే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి, మాదీ వాటిలో ఒకటి. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అమ్మాయి ఆ ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో, కంప్యూటర్లకూ ఫోన్లకూ వాడే చిప్పుల తయారీకి సంబంధించిన ఒక కంపెనీలో ఇంజనీరు. 2023 వేసవిలో నేనూ మా ఇంటావిడా అక్కడ అయిదు నెలలు ఉండి వచ్చాము. మీ వ్యాసంలో పెట్టుబడుల లెక్కలు బాగానే ఇచ్చారు, నీటి కొరత సంగతీ ప్రస్తావించారు. అయితే ఆ నగరం ఉద్యోగాల కేంద్రంగా నిలవడమా నిలవకపోవడమా అన్నది ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళను గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నన్ను బాధించింది. పైపులు అతికేవాళ్ళు, కరెంటు తీగలు లాగేవాళ్ళు, యంత్రాలను రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండే టెక్నీషియన్లు, ఇళ్ళల్లో ఏసీలు బాగుచేసేవాళ్ళు, వీళ్ళ గురించే నేను రాయదలచుకున్నది.

ముందుగా ఒక మాట. ఫీనిక్స్ కొత్తగా సాంకేతిక నగరం కాబోతున్నదని అనడం సరికాదు. 1949లో మోటరోలా కంపెనీ అక్కడ పరిశోధనశాల పెట్టింది, ఆ తర్వాత ట్రాన్సిస్టర్ల ఫ్యాక్టరీలు కట్టింది, కొన్ని దశాబ్దాల పాటు ఆ రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువమందికి పని ఇచ్చిన ప్రైవేటు సంస్థ అదే. 1980 ప్రాంతంలో ఇంటెల్ చాండ్లర్‌కు వచ్చింది. 1950లో లక్షకు కాస్త పైన జనాభా ఉన్న ఊరు 2020 జనాభా లెక్కలకు 16 లక్షలు దాటి ఫిలడెల్ఫియాను వెనక్కి నెట్టి దేశంలో అయిదో పెద్ద నగరమైంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలుపుకుంటే దాదాపు అరకోటి మంది. ఇంత పెరుగుదలకు చవక భూమి ఒక కారణం. భూకంపాల, తుఫానుల భయం లేకపోవడం మరో కారణం. అతి సూక్ష్మమైన గీతలు గీసే యంత్రాలకు నేల కదలకూడదు, కరెంటు ఒక్క క్షణం కూడా పోకూడదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో కరెంటు ఎన్ని రోజులు లేదో గుర్తున్నవాళ్ళకు, చిప్పుల కంపెనీలు ఎడారిని ఎందుకు వెతుక్కుంటూ వెళ్తాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక నీళ్ళ సంగతి. నీరు పల్లమెరుగు అంటాం మనం. అరిజోనావాళ్ళు మాత్రం కొలరాడో నది నీటిని హవాసు సరస్సు దగ్గర ఎత్తి, ఫీనిక్స్ మీదుగా టూసాన్ దాకా 336 మైళ్ళ కాలువ తవ్వి, దారి పొడవునా పంపులు పెట్టి మొత్తం మీద 2,900 అడుగులకు పైగా ఎత్తుకు ఎక్కించారు. 1973లో మొదలైన ఆ పని 1993 దాకా సాగింది, 1985లో తొలిసారి నీళ్ళు ఫీనిక్స్‌కు చేరాయి. దానికి ఎంతో ముందే, 1911లో, సాల్ట్ నది మీద రూజ్‌వెల్ట్ ఆనకట్ట కట్టుకున్నారు. దానికీ కొన్ని వందల ఏళ్ళ ముందు హోహోకమ్ అనే ఆదివాసులు చేతి పనిముట్లతో వందల మైళ్ళ కాలువలు తవ్వి అక్కడ మొక్కజొన్న, పత్తి పండించి, తర్వాత ఆ చోటు వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళ కాలువల గట్ల మీద కొత్త ఊరు లేస్తున్నదని, బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షి పేరు పెట్టారు. మా అమ్మాయి ఇంటికి ఫర్లాంగు దూరంలో అలాంటి కాలువ ఒకటి ఉండేది. తెల్లవారకముందు అయిదింటికి దాని గట్టున నడవడం నాకు అలవాటైంది. రుషికుల్య కాలువలు చూస్తూ పెరిగినవాణ్ణి కనుక ఆ నీటి వాసన పరిచితంగానే తోచింది. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే మాత్రం పొడి ఇసుక, ముళ్ళు తప్ప మరేమీ లేవు.

నేను ఆ రాష్ట్రం నుంచి నేర్చుకోవలసినది ఒకటి ఉందని నమ్ముతాను. అది 1980లో చేసిన భూగర్భ జలాల చట్టం. ఫీనిక్స్ వంటి ప్రాంతాల్లో ఇళ్ళ లేఅవుటు వేసేవాళ్ళు ఆ ఇళ్ళకు 100 ఏళ్ళ పాటు నీరు అందుతుందని ముందే రుజువు చూపాలి. చూపలేకపోతే ప్లాట్లు అమ్మడానికి వీలు లేదు. ఆ లెక్కలు సరిపోవడం లేదని 2023 జూన్‌లో గవర్నరు కేటీ హాబ్స్ ప్రకటించి, ఫీనిక్స్ ప్రాంతంలో భూగర్భ జలం మీదే ఆధారపడే కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపించారు. మేము అక్కడ దిగిన కొద్ది రోజులకే ఆ వార్త వచ్చింది. చాలామంది దాన్ని నగరానికి అపశకునంగా చదివారు. నాకు మాత్రం ఆ ప్రభుత్వం మీద గౌరవం పెరిగింది. వంశధార నీళ్ళు చెరి సగం అని 1962లోనే అనుకుని కూడా నేరడి బ్యారేజీ కోసం రెండు రాష్ట్రాలు ట్రిబ్యునల్ చుట్టూ తిరగడం చూసిన సరిహద్దు జిల్లాలవాళ్ళం మనం. నీరు లేదని తెలిసినప్పుడు లేదని పైకి చెప్పడం, అదీ భూముల వ్యాపారం జోరుమీద ఉన్న వేళ చెప్పడం, ఎంత కష్టమో మనకు తెలుసు.

అయినా నీటి కథలో నన్ను కలతపెట్టిన అంశం ఒకటుంది, మీ వ్యాసం దాన్ని దాటవేసింది. అరిజోనా వాడే నీటిలో 70 శాతానికి పైగా వ్యవసాయానికి పోతుంది. పత్తి చేను, పశుగ్రాసం చేను ఇళ్ళ కాలనీగా మారితే మొత్తం నీటి వాడకం తగ్గుతుంది, అందుకే జనాభా ఎన్నో రెట్లు పెరిగినా రాష్ట్రం మొత్తం నీటి ఖర్చు 1950ల నాటిని మించలేదు. కొలరాడో నదిలో కొరత ఉందని 2021 ఆగస్టులో అమెరికా కేంద్ర ప్రభుత్వం తొలిసారి ప్రకటించి, 2022కు అరిజోనా వాటాలో 5,12,000 ఎకరా అడుగులు (ఎకరం నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా అడుగు), అంటే దాదాపు 18 శాతం, కోసివేసినప్పుడు ఆ దెబ్బ ముందుగా తగిలింది నగరాలకు కాదు, ఫ్యాక్టరీలకు కాదు, ఫీనిక్స్ పొరుగున ఉన్న పినాల్ కౌంటీ (మన జిల్లా లాంటిది) రైతులకు. చిప్పుల కంపెనీలు వాడిన నీటిని శుద్ధి చేసి మళ్ళీ వాడుకుంటాయన్నది నిజమే. తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 90 శాతం నీటిని తిప్పి వాడాలని లక్ష్యం పెట్టుకుంది. ఫీనిక్స్ పశ్చిమాన ఉన్న పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రాన్ని నగరాల మురుగునీటిని శుభ్రం చేసి చల్లబరుస్తారు, పక్కన నది గానీ సముద్రం గానీ లేకుండా నడిచే అంత పెద్ద అణు కేంద్రం మరొకటి లేదు. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. అయితే కొత్త ఉద్యోగం వచ్చిన ఇంటి ఆనందాన్ని రాసేటప్పుడు, చేను బీడుపెట్టిన ఇంటి సంగతి కూడా ఆ లెక్కలోనే రాయాలి. ఏడు రాష్ట్రాలూ మెక్సికో పంచుకునే ఆ నదికి ఇప్పుడున్న కొరత నియమాలు 2026తో ముగిసిపోతున్నాయి కనుక ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

మోటరోలా మిగిల్చి వెళ్ళిన మరో సంగతి కూడా ఉంది. ఫీనిక్స్ 52వ వీధిలోని ఆ ఫ్యాక్టరీలో యంత్ర భాగాలు కడిగే ద్రావకాలు నేలలోకి ఇంకి భూగర్భ జలాన్ని పాడుచేసిన సంగతి 1980ల తొలినాళ్ళలో బయటపడింది. 1989లో దాన్ని దేశంలో అత్యంత కలుషితమైన స్థలాల జాబితాలో చేర్చారు. కంపెనీ ముక్కలై, పేర్లు మారి, యజమానులు మారినా ఆ నీటి శుద్ధి మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. చిప్పుల ఫ్యాక్టరీని పొగగొట్టం లేని పరిశ్రమ అని మెచ్చుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఎండ దగ్గరకు వస్తాను. 2023 జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరుసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు, తగ్గలేదు. జూలై 19 తెల్లవారుజామున అతి తక్కువ ఉష్ణోగ్రతే 97 డిగ్రీల ఫారెన్‌హీట్, మన 36. ఆ నెలంతా మేము అక్కడే ఉన్నాము. మన బరంపురం ఉక్క వేరు, చెమట పోసినా చెట్టు కింద కూర్చుంటే ప్రాణం తెరిపిన పడుతుంది. అక్కడ చెమట కనబడదు, పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది, కారు తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

జూలైలో ఒక రాత్రి ఇంటి మీది ఏసీ ఆగిపోయింది. అద్దె ఇళ్ళు చూసుకునే కంపెనీకి ఫోను చేస్తే మెకానిక్కులు దొరకడం లేదు, మూడు రోజులు పడుతుంది అన్నారు. అర్ధరాత్రికి ఇంట్లో 95 డిగ్రీల ఫారెన్‌హీట్, మన 35 అయింది. మా మనవడికి అప్పటికి పద్నాలుగు నెలలు. మా ఇంటావిడ తువ్వాలు తడిపి వాడి ఒంటి మీద వేయడం, అది ఆరడం, మళ్ళీ తడపడం, తెల్లారేదాకా అదే పని. మర్నాడు వాణ్ణీ అమ్మాయినీ తెలిసినవాళ్ళింటికి పంపించాము. మూడో రోజు తెల్లవారుజామున సూర్యుడు రాకముందే ఒక కుర్రవాడు నిచ్చెన వేసుకుని మేడ మీదికి ఎక్కాడు. పావుగంటలో దిగి, పాడైన భాగాన్ని నా చేతిలో పెట్టాడు. కంప్రెసర్‌కు పెట్టే కెపాసిటర్, పై మూత పూరీలా పొంగి ఉంది. మన ఊళ్ళో ఏ ఎలక్ట్రికల్ కొట్టులోనైనా కొన్ని వందల రూపాయలకు దొరికే వస్తువు. నేనే మార్చగలిగేవాణ్ణి, కానీ అద్దె ఇంటి పైకప్పు మీది యంత్రం మీద చెయ్యి వేసే హక్కు నాకు లేదు. నేను ఈ పనే పిల్లలకు నేర్పేవాణ్ణని అమ్మాయి అతనికి చెప్పింది. అతని ముఖం వికసించింది. పగలు ఒక దుకాణంలో పనిచేస్తూ సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో ఏడాది చదివి ఈ పనిలోకి వచ్చానని, తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి రోజుకు ఏడెనిమిది మేడలు ఎక్కుతున్నానని, తనతో పనిచేసేవాళ్ళలో ఇద్దరు వడదెబ్బకు పడిపోతే వాళ్ళ ఇళ్ళు కూడా తన వంతుకే వచ్చాయని చెప్పాడు. చేతులకు మోచేతుల దాకా గుడ్డ కట్టుకున్నాడు, పైకప్పు రేకు కాల్చకుండా. మంచినీళ్ళు ఇస్తే సీసా మొత్తం ఒక్క గుక్కలో తాగి రెండో సీసా వెంట తీసుకెళ్ళాడు.

ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండ వల్ల 645 మంది చనిపోయారు, 2024లోనూ 600 దాటారు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా పోయినప్పుడు మా జిల్లాలో ఎలా ఉండేదో నాకు తెలుసు. అప్పుడూ పోయింది ఎక్కువగా కూలీలు, ముసలివాళ్ళు, నీడ లేనివాళ్ళు. ఫీనిక్స్ నగరపాలక సంస్థ 2021లో ఎండ వ్యవహారాల కోసమే ఒక కార్యాలయం పెట్టింది. నగరం కాంట్రాక్టులు చేసేవాళ్ళు బయట పనిచేసే కార్మికులకు నీళ్ళు, నీడ, విశ్రాంతి తప్పక ఇవ్వాలని 2024 మార్చిలో నియమం చేసింది. ఇంకా చాలా చేయవలసి ఉంది. లోపల 21 డిగ్రీల్లో, ధూళి లేని గదిలో, ముఖానికి పౌడరు కూడా రాసుకోకుండా మా అమ్మాయి పనిచేయగలుగుతున్నదంటే బయట 45 డిగ్రీల్లో ఎవరో పైకప్పు మీద ఉన్నందువల్లనే. ఆ మనిషి పనిలోకి రాని రోజు ఆ నగరంలో ఏ కంపెనీ పనిచేయదు.

సరిగ్గా ఆ 2023 జూలైలోనే, మేము ఉక్కలో కూర్చున్న వారం అటూ ఇటుగా, టీఎస్ఎంసీ ఒక ప్రకటన చేసింది. నగరానికి ఉత్తరాన కడుతున్న తమ మొదటి ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2024 నుంచి 2025కు వాయిదా పడుతున్నదని, సున్నితమైన యంత్రాలు బిగించే నైపుణ్యం ఉన్న పనివాళ్ళు చాలడం లేదని, తైవాన్ నుంచి టెక్నీషియన్లను తెప్పిస్తామని చెప్పింది. అక్కడి కార్మిక సంఘాలు ఒప్పుకోలేదు, మా పనివాళ్ళకు నైపుణ్యం లేదనడం అన్యాయమని వాదించాయి. ఆ ఏడాది డిసెంబరులో ఇరువర్గాలూ శిక్షణ, భద్రత విషయాల మీద ఒప్పందానికి వచ్చాయి. 2020 మేలో 1,200 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి 2022 చివరకు 4,000 కోట్లకు పెంచిన కంపెనీ అది. దేశంలోనే చిప్పులు చేసే కంపెనీలకు సాయం ఇవ్వడానికి 2022 ఆగస్టులో సంతకమైన చిప్పుల చట్టం ప్రభుత్వం చేతిలో ఉంది. భూమి, కరెంటు, నీరు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇన్ని ఉండి పని ఆగింది ఎక్కడ? పైపు జాయింటు దగ్గర, తీగ చివర, యంత్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే చెయ్యి దగ్గర. నేను జీవితమంతా తరగతి గదిలో చెప్పిన మాటకు అంత దూరాన, అంత పెద్ద ఎత్తున సాక్ష్యం దొరుకుతుందని ఎన్నడూ అనుకోలేదు.

దానికి అక్కడ విరుగుడు కూడా వెతికారు. మారికోపా కౌంటీ కమ్యూనిటీ కాలేజీలు 2022లోనే చిప్పుల టెక్నీషియన్ల కోసం పది రోజుల తొలి శిక్షణ పెట్టాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి టీఎస్ఎంసీ అప్రెంటిస్ పద్ధతి ప్రారంభించింది, అంటే నేర్చుకుంటూనే జీతం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఇంజనీర్లను తయారుచేస్తుంది, మన తెలుగు పిల్లలు ఎందరో అక్కడ ఎమ్మెస్ చదువుతున్నారు. దాని పేరు మీ వ్యాసంలో వచ్చింది, కమ్యూనిటీ కాలేజీల పేరు రాలేదు. పది రోజుల్లో టెక్నీషియను తయారవుతాడని నేను ఒప్పుకోను. స్క్రూడ్రైవరు పట్టుకోవడం అలవాటు కావడానికే నెల పడుతుంది. అయినా ఇంటరు తర్వాత ఆగిపోయిన పిల్లవాడికి ఆ గది తలుపు తెరిచి లోపల ఏముందో చూపించడానికి ఆ పది రోజులు పనికొస్తాయి. టీఎస్ఎంసీ మొదటి ఫ్యాక్టరీలో 2024 చివరికల్లా చిప్పులు రావడం మొదలైంది, మంచి చిప్పుల శాతం తైవాన్‌తో పోల్చదగినట్లే ఉందని కంపెనీ చెప్పింది. 2025 మార్చిలో పెట్టుబడి మొత్తాన్ని 16,500 కోట్ల డాలర్లకు పెంచుతామని ప్రకటించారు. చెయ్యి దొరికాక పని సాగింది.

ఉద్యోగాల లెక్క విషయంలో మాత్రం మీ పాఠకులను హెచ్చరించవలసి ఉంది. 2024లో అమెరికా ప్రభుత్వం చెప్పిన ప్రకారం, టీఎస్ఎంసీ అప్పటి లెక్కన 6,500 కోట్ల డాలర్లతో కట్టే మూడు ఫ్యాక్టరీల్లో నేరుగా వచ్చే శాశ్వత ఉద్యోగాలు దాదాపు 6,000. అంటే ఒక్కో ఉద్యోగానికి కోటి డాలర్ల పైచిలుకు. ఇరవై లక్షలకు మించి ఉద్యోగాలున్న మహానగర ప్రాంతంలో ఆ ఆరు వేలు గుప్పెడే. కట్టేటప్పుడు 20,000 మందికి పైగా పని దొరుకుతుందన్నారు, అది కట్టడం అయ్యేదాకానే. అందువల్ల ఫీనిక్స్‌ను కేంద్రం అనిపించేది ఆ ఒక్క కంపెనీ కాదు. ఒకచోట పని పోయినవాడికి పది మైళ్ళ దూరంలో అదే పని మరోచోట దొరకడమే దాన్ని కేంద్రం చేస్తుంది. మోటరోలా నుంచి 1999లో ఆన్ సెమీకండక్టర్, 2004లో ఫ్రీస్కేల్ విడిపోయినప్పుడు, పనివాళ్ళు చాలామంది ఊరు విడవకుండానే గేటు మార్చుకున్నారు. ఇంటెల్, మైక్రోచిప్, ఎన్ఎక్స్‌పీ, యంత్రాలు సరఫరా చేసే కంపెనీలు అన్నీ ఒక గంట ప్రయాణంలో ఉన్నాయి. 2024 ఆగస్టులో ఇంటెల్ ప్రపంచమంతటా దాదాపు 15,000 మందిని తగ్గిస్తానన్నప్పుడు, ఆ ఏడాది చివర్లో మైక్రోచిప్ టెంపేలోని ఒక ఫ్యాక్టరీని మూసివేస్తున్నానన్నప్పుడు మా అమ్మాయి స్నేహితుల ఇళ్ళల్లో నిద్రలేని రాత్రులు గడిచాయి. ఇంజనీర్లలో కొందరు వేరే రాష్ట్రాలకు పోవలసి వచ్చింది. పరికరాలు చూసుకునే టెక్నీషియన్లకు మాత్రం తొందరగానే మరో చోట పని దొరికిందని అమ్మాయి చెప్పింది.

ఇంటెల్ చాండ్లర్‌లో ఫ్యాబ్ 42 అనే ఫ్యాక్టరీని 2011లో మొదలుపెట్టింది. 2012 జనవరిలో అధ్యక్షుడు ఒబామా స్వయంగా వచ్చి ఆ కట్టడం ముందు నిలబడి మాట్లాడారు. గోడలు లేచాయి, కప్పు పడింది, 2014లో గిరాకీ లేదని లోపల యంత్రాలు పెట్టకుండా ఆపేశారు. 2017లో మళ్ళీ 700 కోట్ల డాలర్లు పెడతామన్నారు, 2020కి గానీ అందులో ఉత్పత్తి రాలేదు. తొమ్మిదేళ్ళు. శంకుస్థాపన ఫొటో చూసి పక్కన ప్లాటు కొన్నవాళ్ళూ, ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందని కోర్సులో చేరిన పిల్లలూ ఆ తొమ్మిదేళ్ళు ఏం చేసి ఉంటారు? ఎడారిలో ఉన్నా, సముద్రం ఒడ్డున ఉన్నా చిప్పుల వ్యాపారం ఆటుపోట్లతో నడిచేదే. ఆ ఊరు ఈ పరిశ్రమకు కేంద్రమా అని నన్నడిగితే నిస్సంకోచంగా అవుననే అంటాను, డెబ్బై అయిదేళ్ళుగా అవుతూ వస్తున్నది. ఇంకా ఎన్ని లక్షలమందికి అది పని పెట్టగలదు అన్నది మాత్రం నీటి పంపకం, రాత్రిపూట కూడా చల్లారని ఆ ఎండ, చేతిపని నేర్పే బడుల సంఖ్య తేల్చాలి. 2006 నుంచి 2011 లోపు ఇళ్ళ ధరలు సగానికి పైగా పడిపోయిన నగరం అది, ఇళ్ళు కట్టడాన్నే అభివృద్ధి అనుకుంటే ఏమవుతుందో దానికి తెలుసు.

ఈ విషయం మీద ఇంత పొడుగున రాయడానికి కారణం మా సరిహద్దు జిల్లాల పిల్లలు. గంజాం నుంచి వేలాదిమంది సూరత్ మరమగ్గాల మీద పనిచేయడానికి వెళ్తారు, 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళు తిరిగొచ్చిన తీరు దేశమంతా చూసింది. చదువుకున్న తెలుగు ఇళ్ళల్లో మరో ఆశ ఉంటుంది, పిల్లను బీటెక్ చదివించి అమెరికా పంపడం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ దారి ఇరుకైంది. మధ్యలో ఉన్న దారిని మాత్రం ఎవరూ చూపించడం లేదు. భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ అనే పదార్థంతో చేసే చిప్పుల ఫ్యాక్టరీకి కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది, సుమారు 2,000 కోట్ల రూపాయల పని. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్‌కు కూడా ఆమోదం వచ్చింది. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. ఆ ఫ్యాక్టరీలో ఎందరు టెక్నీషియన్లు కావాలి, వాళ్ళకు ఏ ట్రేడు అర్హత, శిక్షణ ఎక్కడ, ఏ భాషలో అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు నేను అడిగిన చోటల్లా దొరకలేదు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఐటీఐ పాఠాలు వినవలసిన పిల్లలు పర్లాకిమిడిలో, రాయగడలో, గుణుపురంలో, మా బరంపురంలో ఉన్నారు. ఒక నిమిషం ఆలస్యంగా అర్థమైనా చెయ్యి మాత్రం తప్పు చేయని పిల్లల్ని నేను ఎందర్నో చూశాను. వాళ్ళల్లో ఒకడు పోయిన నెల మా ఇంటికి వచ్చి, సూరత్‌కు టికెట్టు తీసుకున్నాను సార్, ఆగమంటే ఆగుతాను అన్నాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు, ఎందుకంటే ఆగితే ఎక్కడ చేరాలో చూపించే కాగితం ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

కనుక మీకు నా విన్నపం ఇది. ఇకమీదట మీ పత్రికలో ఏ చిప్పుల ఫ్యాక్టరీ గురించి రాసినా, అది ఫీనిక్స్‌లోదైనా భువనేశ్వర్‌లోదైనా, పెట్టుబడి అంకె పక్కనే టెక్నీషియన్ల సంఖ్య, వాళ్ళ అర్హత, శిక్షణ ఇచ్చే చోటు, దరఖాస్తు తేదీ అచ్చు వేయండి. సంబంధిత అధికారులను మీ విలేకరులు అడిగితే, పదవీ విరమణ చేసిన మాస్టారికి చెప్పని సంగతులు పత్రికకు చెబుతారు. ఒడిశా సరిహద్దు ఎడిషన్‌లో అరపేజీ చాలు. ఐటీఐ పిల్లలకు ఉచితంగా తెలుగులో ఆ పాఠాలు వివరించి చెప్పడానికి నేనూ, నాతోపాటు పదవీ విరమణ చేసిన మరో ఇద్దరు బోధకులూ సిద్ధంగా ఉన్నాము.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా